నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలో వైరస్ ఉందో లేదో ఎట్లా తేల్చుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. దసరా తర్వాత నర్సరీ నుంచి ఆరు మెట్టతామర కుండీలు, నాలుగు హైబ్రిడ్ మందారాలు, పది చామంతులు, ఒక డెండ్రోబియం ఆర్కిడ్ కావలిలో మీ ఇంటికి తెచ్చుకున్నారు. రెండు నెలలు తిరగకముందే మెట్టతామర ఆకుల్లో పసుపు చారలు, మందారం ఆకుల్లో పాలిపోయిన ఉంగరాల్లాంటి మచ్చలు కనిపించాయి. నర్సరీ ఆయన ఎరువు చాల్లేదన్నాడు. పక్కింటాయన వైరస్, పీకి పారెయ్యమన్నాడు. ఎవరి మాట నమ్మాలి, ఇంట్లోనే తేల్చుకునే దారి ఏమైనా ఉందా అన్నది ప్రశ్న.

నా అంచనా ముందే చెప్తాను. మెట్టతామర మీద అనుమానం బలమైనదే. మందారం సంగతి అటో ఇటో చెప్పలేం, కానీ పది రోజుల్లో చాలావరకు తేలుతుంది. చామంతుల్లో ఏమీ కనపడట్లేదని మీరు ఊరట పడ్డారు, అది మాత్రం తొందరపాటు. ఆర్కిడ్‌ను కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. తేలేదాకా ఈ నాలుగు రకాలనూ పాత మొక్కలకు దూరంగా పెట్టండి, ఒకదానికి వాడిన కత్తెర కడగకుండా ఇంకోదానికి వాడకండి.

పీకడానికి ముందు, వైరస్ కానివాటిని ఒక్కొక్కటిగా తీసేయాలి. ఆకు పసుపెక్కడానికి మన వైపు మొదటి కారణం వైరస్ కాదు, నీళ్లు. తీరం వెంబడి బోరు నీళ్లలో ఉప్పు, బైకార్బనేట్లు ఎక్కువ. ఆ నీళ్లు రోజూ పోస్తే కుండీ మట్టి క్షారమెక్కి ఇనుము ఉన్నా వేరుకు అందదు. అప్పుడు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం గీత గీసినట్టు పచ్చగా నిలుస్తాయి. మందారం, మల్లె, కనకాంబరం ఈ లోపానికి ముందు లొంగేవి. గుర్తు పట్టే కిటుకు: లోపం వల్ల వచ్చే పసుపు ఆకుకు కుడి ఎడమల ఒకేలా ఉంటుంది, మచ్చలు మచ్చలుగా ఉండదు. వైరస్ వల్ల వచ్చేది అట్లా పద్ధతిగా ఉండదు. నడిమి ఈనెకు ఒక పక్క ముదురు పచ్చ, ఇంకో పక్క లేత పచ్చ, మధ్యలో ఎక్కడో ఒక ఉంగరం.

చూపు చాలకపోతే పరీక్ష సులువు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఒక్క కొమ్మకు మాత్రం సాయంత్రం పూట పిచికారీ చేయండి. మిగతా మొక్కకు తగలకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టండి. నిమ్మ ఉప్పు ముందు కరిగించి ఆ తర్వాతే అన్నభేది వేయాలి. వరస తప్పితే, లేదా నీళ్లు మరీ ఉప్పగా ఉంటే, ద్రావణం తుప్పు రంగుకు తిరుగుతుంది, అది ఇక పనికిరాదు. క్యాన్ నీళ్లు వాడటం మేలు. వారం పది రోజుల్లో ఆ కొమ్మ ఆకులు పచ్చబడితే అది లోపమే. మొక్కంతటికీ కొట్టేస్తే దేనితో పోల్చుకోవాలో తెలియక పరీక్ష వృథా అవుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. ముదురు ఆకులు అంచుల నుంచి పసుపెక్కుతుంటే మెగ్నీషియం లోపం కావచ్చు. దానికి లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటుతో ఇదే పరీక్ష.

ఆకు ముడత విషయంలో మన మిరప రైతుల మాటే కొలబద్ద. పైముడత అయితే తామరపురుగు, కింది ముడత అయితే నల్లి. ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే, వెనక వెండి మెరుపు గీతలు, నల్లటి చుక్కలు ఉంటే అది తామరపురుగు గీకుడు. ఆకులు కిందికి వంగి, సన్నబడి, కాడ పొడవెక్కితే నల్లి. దీన్ని మామూలు కంటికి దొరకబుచ్చుకోలేం, వాచీలు బాగుచేసే వాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల అద్దం కావాలి. మందారం చిగురు మొత్తం గుప్పెటలా ముడుచుకుపోతే విప్పి చూడండి, లోపల గులాబీ రంగు పిండినల్లి కూర్చుని ఉంటుంది. దాని లాలాజలమే ఆ వంకర తెస్తుంది. పురుగును అదుపు చేశాక వచ్చే కొత్త చిగురు మామూలుగా ఉంటే కథ అక్కడితో సరి. పురుగు పోయినా కొత్త చిగురు వంకరగానే వస్తుంటే అప్పుడు వైరస్ అనుకోవాలి. ఈ పురుగుల్లో చాలావాటికి వైరస్ మోసే గుణం కూడా ఉంది, కాబట్టి పురుగు దొరికింది గనక వైరస్ లేదు అని కొట్టేయకూడదు.

ఇంకొకటి, వరి పొలాల పక్కన ఉండేవాళ్లకు. కలుపు కోసం కొట్టే టూ-ఫోర్-డీ గాలికి కొట్టుకొచ్చి చామంతి, గులాబీ, మందారం మీద పడితే ఆకులు పీచులా సాగి, ఈనెలు దగ్గరకొచ్చి అచ్చం వైరస్ తగిలినట్టే అవుతాయి. తేడా ఏమిటంటే, ఒకే రోజున చుట్టుపక్కల నాలుగైదు జాతులు కలిసి వంకరపోతాయి. ఒకే వైరస్ ఒకే వారంలో అన్ని జాతులకూ తగలడం జరిగే పని కాదు.

ఇక మెట్టతామర. దీనికి కొంచెం ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే నర్సరీల ద్వారా వైరస్ ఊరూరా తిరిగే మొక్కల్లో ఇది ముందు వరసది. విత్తనంతో ఎవరూ పెంచరు, దుంప విరిచి పెంచుతారు. తల్లి దుంపలో వైరస్ ఉంటే ప్రతి పిల్లలోనూ ఉంటుంది. ముఖ్యమైనవి రెండు. మెట్టతామర పసుపు మచ్చల వైరస్, ఇది బాడ్నా (Badnavirus) అనే వైరస్‌ల గుంపుది. మెట్టతామర పసుపు చారల వైరస్, ఇది పోటీ (Potyvirus) అనే ఇంకో గుంపుది. రెండూ కలిసి ఉండటం మామూలే, అప్పుడు తీవ్రత ఎక్కువ. వీటికి తోడు చిక్కుడు పసుపు మొజాయిక్ వైరస్, దోస మొజాయిక్ వైరస్ కూడా దీనిలో చేరతాయి. పోటీ గుంపు వైరస్‌లను పేనుబంక మోస్తుంది, అదీ ఒక్క నిమిషం పొడిచి చూసి పక్క మొక్కకు పోయినా చాలు. అందుకే పురుగుమందు కొట్టి దీన్ని ఆపలేం. మందు పనిచేసి పేనుబంక చచ్చేలోపే పని జరిగిపోతుంది. బాడ్నా గుంపు వైరస్‌లకు మామూలుగా పిండినల్లి వాహకం.

చూడాల్సింది ఇట్లా. ఇంకా పూర్తిగా విచ్చుకోని ఆకును పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా పట్టుకోండి. మెట్టతామరలో పక్క ఈనెలు నడిమి ఈనె నుంచి అంచు దాకా వాలుగా సాగుతాయి. వైరస్ చారలు ఆ ఈనెల వెంట తెగి తెగి, కదురు ఆకారంలో, ఒకటి పొడవు ఒకటి పొట్టిగా ఉంటాయి. ఆకు ముదిరేకొద్దీ అవి కలిసిపోయి గోధుమ రంగుకు తిరిగి ఎండుతాయి. పూల రేకుల్లో రంగు విరిగి గీతలు పడితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. పసుపు గీతల అలంకరణ రకాలతో మాత్రం జాగ్రత్త. ఆ రకాల్లో గీత నడిమి ఈనె నుంచి అంచు దాకా తెగకుండా, మొదటి ఆకు నుంచీ అదే తీరులో ఉంటుంది, మొక్క ఏపుగా ఉంటుంది. మీ ఆరు కుండీలూ ఒకే రకమైతే పక్కపక్కన పెట్టి చూడండి. ఆరింటిలో నాలుగింటికి చారలుండి రెండింటికి లేకపోతే అది రకం గుణం కాదు. ఆకు కింద వేలితో రుద్దితే నారింజ పొడి అంటితే అది తుప్పు తెగులు, శిలీంధ్రం. ఆకు విప్పుకున్నాక అడ్డంగా వరస చిల్లులు కనిపిస్తే, ఆకు చుట్టలో ఉండగా పురుగు కొరికిన గుర్తు.

మందారం దగ్గరికొస్తే, పాలిపోయిన ఉంగరాలు అన్నారు కాబట్టి మొదట అనుకోవాల్సింది మందార ఉంగరపు మచ్చల వైరస్. దీన్ని ఏ పురుగు మీదా నెట్టలేం, మోసేది ప్రధానంగా మన కత్తెరే. కొమ్మ కత్తిరింపులు, అంట్లు, రసం అంటిన చేతులు. మొక్క చావదు, పూలు కూడా పూస్తుంది, అందుకే నర్సరీలో తల్లి మొక్కగా ఏళ్ల తరబడి నిలబడి వందల కొమ్మలకు పంచుతుంది. నడి వయసు ఆకుల్లో లేత పసుపు చుక్కలు, ఉంగరాలు, ఈనెల వెంట పాలిన పట్టీలు దీని గుర్తులు. రెండోది పత్తి ఆకుముడత గుంపు వైరస్, దీన్ని తెల్లదోమ మోస్తుంది. ఆకు తిప్పి చూస్తే ఈనెలు లావెక్కి, కొన్నిసార్లు ఈనె మీద చిన్న ఆకులాంటి మొలక లేచి ఉంటుంది. ఆ మొలక కనిపిస్తే పోషక లోపం అనే మాట ఇక ఎత్తనక్కర్లేదు. బెండలో శంఖురోగం చూసినవాళ్లకు తెల్లదోమ వైరస్‌ల ధోరణి తెలిసే ఉంటుంది, ఈనెలతోనే మొదలవుతాయి.

చామంతి మోసం చేసే మొక్క. దీనికి పొట్టి రోగం తెచ్చేది వైరస్ కూడా కాదు, వైరాయిడ్. పైన ప్రోటీన్ తొడుగు లేని వట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్క. తగిలిన మొక్క నెలల తరబడి మామూలుగానే ఉండి, పూత దశకొచ్చేసరికి తోటి మొక్కల్లో సగం, ముప్పాతిక ఎత్తు దగ్గర ఆగిపోతుంది. పువ్వు చిన్నదై, ముందే విచ్చి, ఎరుపు రకాల్లో రంగు వెలిసిపోతుంది. ఒక్క కుండీ తెచ్చుకున్నవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. పది ఒకే రకం తెచ్చుకున్న మీకు తెలుస్తుంది. పదింటినీ ఒకే ఎండలో పెట్టి, ఒకే లెక్కన నీళ్లు, ఎరువు ఇచ్చి, పదిహేను రోజులకోసారి ఎత్తు కొలిచి కుండీ మీదే రాయండి. తామరపురుగు మోసే గుంపు వైరస్‌లు చామంతికి వేరే రకంగా తగులుతాయి. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెచ్చేది ఆ గుంపులోదే. ఆకులో గోధుమ రంగు మచ్చలు, కాండం మీద నల్లటి చార, మొవ్వు వంగి ఎండటం వాటి తీరు.

డెండ్రోబియంలో సింబిడియం మొజాయిక్ వైరస్, ఓడొంటోగ్లోసం ఉంగరపు మచ్చల వైరస్ రెండూ ప్రపంచమంతా తిరుగుతున్నవి, పాకేది కత్తులు, కుండీలు, కారే నీళ్ల ద్వారా. చాలా మొక్కల్లో గుర్తే కనపడదు. వీటికి మాత్రం గర్భ పరీక్షలాంటి పట్టీలు దొరుకుతాయి. ఆకు ముక్క సంచిలో నలిపి పట్టీ ముంచితే కొద్ది నిమిషాల్లో గీత పడుతుంది. ఒక్క మొక్క కోసం కొంటే ఖరీదు, నలుగురు ఆర్కిడ్లు పెంచేవాళ్లు కలిస్తే గిట్టుబాటు.

మిగతావి క్లుప్తంగా. గులాబీలో పసుపు జిగ్‌జాగ్ గీతలు అంటు ద్వారా వచ్చిన మొజాయిక్ వైరస్, పక్క మొక్కకు పాకడం చాలా నిదానం. పూలు బాగుంటే ఉంచుకోండి, దాని నుంచి అంటు మాత్రం తీయకండి. కాగితపు పూల మొక్కకు ఈనె పట్టీ పసుపు వైరస్ ఉంది, దాన్ని తెల్లపచ్చ ఆకుల రకంతో పొరబడతారు. మల్లె ఆకుల మీద తెల్లటి నూగులాంటి పొర కనిపిస్తే అది వైరస్ కాదు, నల్లి తెచ్చేది. నిమ్మ మొక్క కూడా కొనేవాళ్లుంటే, లేత ఆకును వెలుగుకు పట్టి చూడండి, సన్న ఈనెల్లో తెల్లటి చిన్న గీతలు తునకలుగా కనిపిస్తే ట్రిస్టెజా అనే నిమ్మజాతి వైరస్ అనుమానం. పొదలకూరు, గూడూరు నిమ్మతోటల చుట్టుపక్కల ఇది పట్టించుకోవాల్సిన విషయమే. ట్రిస్టెజా విత్తనం ద్వారా రాదు, కాబట్టి నెట్‌లో పెంచిన విత్తనపు నారు అంటు మొక్క కంటే నమ్మకం.

గుర్తులు ఎప్పుడు వెతకాలి అన్నది కూడా లెక్కే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఎండకు చాలా మొజాయిక్ వైరస్‌ల గుర్తులు దాక్కుంటాయి. మొక్క కోలుకుందని సంబరపడతాం, కార్తీకం దాటగానే మళ్లీ బయటపడుతుంది. కొనేటప్పుడు కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కొత్త చిగురు ఉన్న మొక్కనే కొనడం మంచిది. కడియం నుంచో బెంగళూరు నుంచో లారీలో దిగిన రోజే కొనకుండా వారం ఆగితే, నత్రజని వేసి పచ్చబరిచిన రంగు కొంచెం దిగి అసలు ఆకు కనపడుతుంది.

ఇప్పుడు ఇంట్లో చేసుకోగల అసలు పరీక్ష: అనుమానపు ఆకు రసాన్ని ఇంకో జాతి నారుకు రుద్ది చూడటం. ల్యాబ్ యంత్రాలు రాకముందు వైరాలజీ నడిచింది దీని మీదే, ఇప్పటికీ చెల్లుతుంది. దీనికి కావాల్సిన సూచిక మొక్కలు మన పెరట్లోవే కావడం అదృష్టం. మందార ఉంగరపు మచ్చల వైరస్‌కు గోగు, అంటే గోగునార తీసే జాతి గోంగూర. సింబిడియం మొజాయిక్‌కు రోడ్డు పక్కన మొలిచే కసింద. దోస మొజాయిక్‌కు, మొవ్వుకుళ్లు గుంపుకు బొబ్బర్లు. పొగాకు మొజాయిక్‌కు ఉమ్మెత్త.

విత్తనం నుంచి మీరే మొలిపించండి. ఒక్కో జాతివి ఏడు నారు మొక్కలు చాలు. బొబ్బర్లయితే విత్తిన వారం పది రోజులకు, మొదటి జత ఆకులు విచ్చి మూడాకుల రెమ్మ ఇంకా తెరుచుకోకముందు పరీక్ష చేయాలి. ఆ వయసు దాటితే ఫలితం నమ్మలేం. ముందు రోజు నారును చీకటి మూల పెడితే ఆకు లొంగుతుంది. ద్రావణానికి లీటరు డిస్టిల్డ్ నీళ్లలో 4.3 గ్రాముల నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, 2.7 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 1 గ్రాము సోడియం సల్ఫైట్ కలపండి. పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. కాలేజీలకు ల్యాబ్ సామాను అమ్మే దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. సల్ఫైట్ వేసింది రసం నల్లబడకుండా, నల్లబడ్డ రసంలో వైరస్ చేవ తగ్గుతుంది. మొత్తం కలిపి ఫ్రిజ్‌లో చల్లబరచండి.

గుర్తున్న లేత ఆకు 1 గ్రాముకు 10 మిల్లీలీటర్ల ద్రావణం పోసి చల్లటి కల్వంలో నూరి పలుచటి గుడ్డతో వడకట్టాలి. మందారానికి మాత్రం 20 మిల్లీలీటర్లు పోయండి. దాని జిగురు వల్ల చిక్కటి రసం ఆకులోకి దిగదు, వైరస్ ఉన్నా లేదన్నట్టు ఫలితం వస్తుంది. సూచిక ఆకుల మీద 600 మెష్ సిలికాన్ కార్బైడ్ పొడి ఉప్పు చల్లినంత పలుచగా చల్లండి. ఇంజన్ వాల్వులకు వాడే పేస్టు వద్దు, దానిలో నూనె ఉంటుంది. ఆకు కింద అరచేయి ఆనించి, రసంలో ముంచిన వేలితో ఈనె మొదలు నుంచి కొస దాకా రెండు మూడు సార్లు మెల్లగా రుద్దండి. పై పొర గీసుకోవాలి, కణం చావకూడదు. గట్టిగా రుద్దితే మర్నాడు ఆకంతా తెల్లటి గాట్లు పడతాయి, వాటిని వైరస్ మచ్చలనుకుని మోసపోతారు. రుద్దిన నిమిషంలోపే నీళ్లతో కడిగి రెండు రోజులు నీడలో ఉంచండి.

ఏడింటిలో మూడింటికి అనుమానపు రసం, మూడింటికి వట్టి ద్రావణం, ఒకదాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. వట్టి ద్రావణం రుద్దే పని ముందు, రసం రుద్దేది చివర. వరస మారితే మీ వేళ్లే వైరస్‌ను మోస్తాయి. బొబ్బర్లలో మూడు నుంచి అయిదు రోజుల్లో రుద్దిన ఆకు మీదే గుండ్రటి పాలిన లేదా గోధుమ చుక్కలు లేస్తాయి. కసిందలో వారం పది రోజుల్లో గోధుమ చుక్కలు. గోగులో రెండు మూడు వారాలు ఆగి, రుద్దిన ఆకుల మీద కాకుండా పైన కొత్తగా వచ్చిన ఆకుల్లో పాలిపోయిన చుక్కలు, ఉంగరాలు వెతకండి. రసం పూసిన మూడింటిలో కనీసం రెండింటికి వచ్చి, ద్రావణం పూసిన వాటికి ఒక్కదానికీ రాకపోతే అది ఫలితం. ద్రావణం పూసిన వాటికీ వస్తే చేతుల నుంచో పురుగుల నుంచో కలుషితం అయినట్టు, మళ్లీ చేయాల్సిందే.

చలికాలంలోనే చేయమనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. గ్లుటినోసా జాతి పొగాకు వంటి మొక్కలు వైరస్‌ను చిన్న చుక్క దగ్గరే బంధించే గుణం 28 డిగ్రీలు దాటితే పనిచేయదు. చుక్కలు రావు, వైరస్ మొక్కంతా పాకుతుంది, మీరు లేదనుకుంటారు. మే నెలలో చేసిన పరీక్షకు విలువ తక్కువ. పొగాకు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక: పొగాకు మొజాయిక్ వైరస్ క్యూరింగ్ అయిన ఆకులో కూడా బతికే ఉంటుంది. పొదిలి, కొండపి, కలిగిరి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పనిచేసే చేతులతో, బీడీ చుట్ట పట్టుకున్న చేతులతో సబ్బు పెట్టి కడుక్కోకుండా ఈ నారును ముట్టుకోవద్దు. పరీక్ష అయిపోయిన నారును పొగనారు మడుల పక్కనో మిరప తోట గట్టునో పారేయొద్దు, కాల్చేయండి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. తెల్లదోమ వైరస్‌లు, బాడ్నా గుంపు మామూలుగా రసం రుద్దితే ఎక్కవు. కాబట్టి మీ మెట్టతామరలో ప్రధాన అనుమానితుల్లో ఒకదాన్ని ఇది పట్టుకోలేదు. గోగు మీద మచ్చ వస్తే మందారంలో వైరస్ ఉన్నట్టే. రాకపోతే మాత్రం లేదని కాదు.

అక్కడి నుంచి ల్యాబే దారి. అడగాల్సిన పరీక్ష మొక్కను బట్టి మారుతుంది. ఎలైసా 1977 నుంచి మొక్కల వైరస్‌లకు వాడుతున్న చవకైన పద్ధతి, వైరస్ ప్రోటీన్ తొడుగును యాంటీబాడీతో పట్టుకుంటుంది. దోస మొజాయిక్‌కు, ఆర్కిడ్ వైరస్‌లకు, పోటీ గుంపు మొత్తానికి కలిపి చేసే పరీక్షకు ఇది చాలు. చామంతి వైరాయిడ్‌కు తొడుగే లేదు కాబట్టి ఎలైసా ఎన్నిసార్లు చేసినా నెగెటివే వస్తుంది. దానికి ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష అడగాలి. మెట్టతామర బాడ్నా వైరస్‌కు, మందారం తెల్లదోమ వైరస్‌కు డీఎన్‌ఏను పట్టుకునే పీసీఆర్. బాడ్నాలో ఒక మెలిక ఉంది. అరటి వంటి కొన్ని మొక్కల సొంత జన్యువులోనే ఈ గుంపు వైరస్ ముక్కలు కలిసిపోయి ఉంటాయి, పీసీఆర్‌లో గీత పడినంత మాత్రాన తెగులు ఉన్నట్టు కాదు. మీ రిపోర్టు గుంపు ప్రైమర్లతో, అంటే గుంపు మొత్తానికి కలిపి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో చేసిందైతే, దొరికిన ముక్కను సీక్వెన్స్ చేశారా, అంటే దాని జన్యు క్రమం చదివారా అని అడగండి. ఎలైసా రిపోర్టులో ఆరోగ్యమైన నమూనా రీడింగ్ ఎంతో కూడా అడగండి. మామూలుగా దానికి రెండు మూడు రెట్లు దాటితేనే పాజిటివ్ అంటారు. అంచున ఉన్న అంకెలను పాజిటివ్‌గా చదవొద్దు, మళ్లీ చేయించండి.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైరాలజీ విభాగం ఉంది. నిమ్మ, చీనికి తిరుపతిలోనే సిట్రస్ పరిశోధన స్థానం. నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లు కంటితో చూసి ఎక్కడికి పంపాలో చెప్పగలరు. ఏ వైరస్‌కు కిట్ ఉందో, రుసుము ఎంతో ముందు ఫోన్ చేసి కనుక్కున్న తర్వాతే నమూనా పంపండి.

నమూనా పాడైతే పరీక్ష పాడైనట్టే. వైరస్ మొక్కంతా సమానంగా ఉండదు, కాబట్టి ఒక్కో మొక్క నుంచి గుర్తులున్న లేత ఆకులు రెండు, నడిమి ఆకులు రెండు, గుర్తు లేని ఆకు ఒకటి తీయండి. ఎండిపోయిన ఆకు పంపడం దండగ. పొద్దున్నే కోసి, పొడి టిష్యూ కాగితంలో చుట్టి జిప్ కవర్లో పెట్టాలి. తడి గుడ్డలో చుట్టినవి మన ఎండకు రెండో రోజుకే కుళ్లి బూజు పడతాయి. కవర్‌ను ఐస్ జెల్ ప్యాక్‌తో థర్మోకోల్ పెట్టెలో పెట్టి సోమవారమో మంగళవారమో పంపితే ఆదివారం కొరియర్ గోడౌన్లో పడి ఉండదు. ఫ్రీజర్లో గడ్డకట్టించి, కరిగించి పంపొద్దు. పీసీఆర్ ఒక్కటే అయితే ఆకును సన్నగా తరిగి సిలికా జెల్‌లో ఆరబెట్టి పంపినా సరిపోతుంది. అదే రకం ఆరోగ్యమైన మొక్క ఆకు కూడా విడి కవర్లో తప్పకుండా పంపండి, దానితో పోల్చి చూడాలి కాబట్టి. డబ్బు ఆదా కావాలంటే అయిదేసి చామంతుల ఆకులు కలిపి ఒకే నమూనాగా చేయమనండి, పాజిటివ్ వస్తేనే విడివిడిగా.

తేలేలోపు మొక్కలను ఎట్లా ఉంచాలి అంటే, పాత మొక్కలకు దూరంగా, 40 లేక 50 మెష్ తెల్ల నెట్ కింద, ఆరు నుంచి ఎనిమిది వారాలు, రెండు సార్లు కొత్త చిగురు వచ్చేదాకా. ఆ నెట్ తెల్లదోమను, పేనుబంకను ఆపుతుంది, తామరపురుగు మాత్రం దానిలోంచి దూరుతుంది. దానికి నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపువి వేలాడదీయండి. చుట్టూ వయ్యారిభామ మొలిచి ఉంటే పీకేయండి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లుతో ఎండబెట్టిన పొగాకు చారల వైరస్ ఈ కలుపులో గుర్తు కనపడకుండా దాగి, పుప్పొడితో పాటు తామరపురుగు మీద ఎక్కి పొలాల్లోకి వచ్చింది. బంతి వంటి తోట పూలకూ అది తగులుతుంది.

కత్తెర విషయంలో సర్జికల్ స్పిరిట్ మీద నమ్మకం పెట్టుకోకండి. పొగాకు మొజాయిక్ గుంపును అది పెద్దగా ఏమీ చేయదు. లీటరు నీళ్లకు 100 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణం, లేదా 4 శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక వంతుకు ఏడు వంతుల నీళ్లు. హైపోక్లోరైట్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి, ఇనుమును తినేస్తుంది కాబట్టి వాడాక కడిగి నూనె రాయాలి. ఇవేవీ లేకపోతే లీటరుకు 200 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, పొగాకు మొజాయిక్ గుంపు మీద ఇది బాగా పనిచేస్తుందని చాలాకాలంగా తెలుసు. రెండు కత్తెరలు పెట్టుకుని ఒకటి ద్రావణంలో నానుతుండగా ఇంకోటి వాడుతూ, మొక్క మొక్కకూ మార్చుకుంటే పని ఆగదు.

వైరస్‌కు మందంటూ దుకాణంలో ఇచ్చే సీసాల్లో ఎక్కువగా ఉండేది సూక్ష్మపోషకాలు. ఆకు పచ్చబడుతుంది, లోపల వైరస్ అట్లాగే ఉంటుంది, పైగా గుర్తులు కప్పిపోయి మీరు దాన్నే విరిచి నలుగురికి పంచుతారు. మెట్టతామరలో తేలితే దుంపలు ఒక్క ముక్క కూడా మిగలకుండా తవ్వి, ఎండబెట్టి కాల్చండి. కంపోస్టు గుంతలో వేస్తే దుంప అక్కడే మొలకెత్తుతుంది. ఆ కుండీ మట్టిలో మెట్టతామర మళ్లీ పెట్టడానికి ముందు మూడు నెలలు ఆగి, మిగిలిన దుంప ముక్కలేమైనా మొలిచాయేమో చూడండి. ఈలోపు దాన్లో తోటకూరో కొత్తిమీరో వేసుకోవచ్చు. చారలు లేని ఆ రెండు కుండీలు ఉంటే వాటిని విడిగా పెట్టి, సంక్రాంతి తర్వాత వచ్చే చిగురును మళ్లీ వెలుగుకు పట్టి చూడండి. అప్పటికీ శుభ్రంగా ఉంటే, ల్యాబ్‌కు ఆరోగ్యమైన నమూనాగా పంపాల్సింది వాటి ఆకే.